రెప్ప మీద నీలం

గాజువాక మెయిన్‌రోడ్డులో బట్టల కొట్టు మీది అంతస్తులో ఉంది ఆ బ్యూటీ పార్లరు. మెట్ల చివర అద్దం తలుపు, తలుపు మీద ఎర్ర స్టిక్కరు అక్షరాలు: ‘మగవారికి ప్రవేశం లేదు’. పెళ్ళాం అక్కడ పనికి కుదిరిన దగ్గర్నుంచీ ఎల్లారావు ఆ మెట్లు ఎక్కింది లేదు. ఆటోనగర్ షెడ్డు నుంచి వస్తూ కింద సైకిలు ఆపి బెల్లు కొట్టేవాడు. గంగాభవాని దిగి వచ్చేది. ఆ గురువారం మాత్రం ముసురు పట్టి షెడ్డులో పని పెందరాళే ఆగిపోయింది. ఇంటి తాళంచెవి ఆమె దగ్గరుంది. కుళాయి వచ్చే వేళ దాటిపోతే ఆ పూటకి బిందెడు నీళ్ళు కూడా దొరకవు. బెల్లు ఎంత కొట్టినా లారీల హారన్ల మధ్య పైకి వినిపించలేదు. చెప్పులు కిందే విడిచి మెట్లెక్కాడు.

తలుపుకి లోపలి వైపు గులాబిరంగు కర్టెను. ఫ్యాను గాలికి అది ఓ పక్కకి తొలుగుతోంది, మళ్ళీ మూసుకుంటోంది. తొలిగినప్పుడల్లా ఎల్లారావుకి లోపలి గది ఓ ముక్క కనిపిస్తోంది. కుర్చీలో ఎవరో ఆవిడ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. తల దగ్గర నిలబడి పార్లరు యజమాని ఆశాజ్యోతి ఆమె రెప్పలకి నీలం రంగు వేస్తోంది. కాళ్ళ దగ్గర పొట్టి పీట మీద గంగ కూర్చుని, ఆవిడ మడమని ఒళ్ళో తువ్వాలు మీద పెట్టుకుని బ్రష్షుతో తోముతోంది.

కర్టెను మూసుకుంది. తెరుచుకుంది. రెప్ప మీంచి పొడి రాలి ఆవిడ చెంప మీద పడింది. ఆశాజ్యోతి గమనించలేదు. కింద కూర్చున్న గంగ గమనించింది. పక్కనున్న దూది తుంచి చెయ్యి పైకి చాచింది. ఆ చెయ్యి చెంప దాకా వెళ్ళలేదు. ఆశాజ్యోతి రెండు వేళ్ళతో ఆమె మణికట్టు పట్టుకుని, గాజు గ్లాసుని అలమార్లో తిరిగి సర్దినంత నెమ్మదిగా, ఆ చేతిని కిందికి తెచ్చి మడమ మీద పెట్టింది. మాట అనలేదు. కళ్ళెర్రజెయ్యనూ లేదు. కుర్చీలో ఆవిడకి ఆ సంగతి తెలియనే తెలియదు.

గంగ మళ్ళీ మడమ తోమడం మొదలుపెట్టింది.

ఎల్లారావు తాళంచెవి అడక్కుండానే మెట్లు దిగి వచ్చేశాడు.

సాయంత్రం సైకిలు వెనక కూర్చుని గంగ మామూలుగానే కబుర్లు చెప్పింది. ఎల్లారావు ఊఁ కొడుతున్నాడు గానీ అతని మనసు ఆ మణికట్టు దగ్గరే ఆగిపోయింది. దారిలో మింది దగ్గర రైలు గేటు పడితే దిగి నిలబడ్డారు. పోర్టు వైపు నుంచి బొగ్గు వ్యాగన్లు ఒక్కొక్కటే, వానకి నల్లగా నిగనిగలాడుతూ, నిద్రలో నడిచే ఏనుగుల్లా పోతున్నాయి.

“సెయ్యి అలగ తీసి కింద పెట్టీసిందేటే ఆవిడ,” అన్నాడు.

గంగ వ్యాగన్ల మీంచి చూపు తిప్పలేదు. “సూసీసినావా.”

“తాళానికని వొచ్చినాను.”

“కాళ్ళు తోమిన సెయ్యి మొగాన పెడితే కస్టమర్లు ఒప్పుకోరంట. మేడం సెడ్డది కాదు మావా. ఆవిడకి బయ్యం, అంతే.” కాసేపాగి, “నానూ అడిగీసినాను ఇయ్యాల,” అంది.

ఏమడిగిందో గేటు లేచేలోపు చెప్పింది. పార్లర్లో పనికున్న రెండో అమ్మాయి పెళ్ళి చేసుకుని అనకాపల్లి వెళ్ళిపోయింది. ఆషాఢం దాటితే శ్రావణం పెళ్ళిళ్ళు మీద పడతాయి. మీరొక్కరే అన్ని మొహాలూ చెయ్యలేరు కదా మేడం, పీట మీద కూర్చుని పైకి చూసి చూసి కళ్ళ పని నేర్చేసుకున్నాను, ఒక్కసారి చెయ్యనివ్వండి అని అడిగిందట. ఆశాజ్యోతి దువ్వెనలన్నీ తీసి, తుడిచి, మళ్ళీ సర్ది, చివరికి సరేనందట. మంగళవారం బేరాలు తక్కువ. ఆ రోజు ఎవరినైనా ఒకరిని తీసుకొచ్చి తన ఎదుట వేసి చూపించాలి. బాగుంటే శ్రావణం నుంచి పెళ్ళికూతుళ్ళ కళ్ళు గంగవి. బాగోకపోతే ఈ మాట ఇంకెప్పుడూ ఎత్తకూడదు.

“ఎత్తకూడదంటే ఎత్తకూడదనే అన్నాది. ఒట్టేయించుకున్నట్టు,” అని సైకిలెక్కింది గంగ.

*

వేసి చూపించడానికి మనిషి కావాలి. ఇంటి ఓనరు ఆదిలక్ష్మమ్మ మనవరాలు చిట్టెమ్మ ఇంటర్ చదువుతోంది. అడగ్గానే వస్తానంది. ముసలామె కూడా అడ్డు చెప్పలేదు గానీ, ఆ ఒక్క మంగళవారమే అంది. రోజూ పెళ్ళీడు పిల్ల మొహాన రంగులు పూసుకు కూర్చుంటే వీధిలోవాళ్ళు ఏమనుకుంటారు. అందుకని ఈలోగా చెయ్యి తిప్పుకోవడానికి గంగకి మిగిలిన రెప్పలు మొగుడివే.

ఎల్లారావు భారీ మనిషి. లారీ క్యాబిన్ల మీద స్ప్రే గన్ను పట్టే చెయ్యి, థిన్నరు వాసన వదలని ఒళ్ళు, పై పెదవి కనపడనివ్వని మీసం. అంత మనిషినీ వీధరుగు మీద కూర్చోబెట్టి, వీధిలోకి కనపడకుండా దుప్పటి అడ్డం కట్టి, మోకాళ్ళ మీద కూర్చుని గంగ డబ్బా తెరిచింది. పూర్ణామార్కెట్ ఫ్యాన్సీ కొట్టులో కొన్న ఐషాడో డబ్బా అది. చిన్న చిన్న గుంటల్లో రంగులు, మధ్యన నీలం. మూత తీస్తే నెమలి మెడ తిప్పి చూసినట్టుండేది ఆ నీలం.

“కళ్ళు మూసీ. బిగించకు. నిద్దరోతన్నట్టు ముయ్యి.”

మూశాడు. మొదట ఎర్రటి చీకటి. తర్వాత ఆ చీకటిలో చుక్కలు పుట్టాయి. పచ్చవి, ఊదావి, గాలిలో గన్ను కొట్టినప్పుడు తేలే తుంపరలా. బ్రష్షు రెప్ప మీద నడుస్తోంది. అంత తేలికైనది ఏదీ తన ఒంటిని ఎప్పుడూ తాకలేదనిపించింది. ఆమె ఊపిరి చెంపకి తగులుతోంది, మధ్య మధ్య ఆగుతోంది. సున్నితమైన గీత దగ్గర తానూ అలాగే ఊపిరి బిగబడతాడు. ఎక్కడో పోర్టులో ఓడ కూసింది. ఆ కూత రెప్పల లోపలికి నీలంగా వచ్చినట్టుంది అతనికి.

“ఇంక తీయొచ్చు.”

చేతద్దంలో చూసుకున్నాడు. “బూడిదలాగుందేటే.”

“అదే కదా.” ఆమె డబ్బానీ అతని కళ్ళనీ మార్చి మార్చి చూసింది. మేడం వేసినా ఇంతేనట. తెల్లటి మొహాల మీద ఫరవాలేదు, చామనఛాయ మీద ఎంత మంచి రంగయినా పొయ్యి కింద బూడిదే. కిందటి నెల పెళ్ళి వీడియో చూసి ఒకరింటివాళ్ళు పార్లరుకి వచ్చి మరీ గొడవ పెట్టుకున్నారట. అందుకని మేడం ఇంకా ఇంకా పొడి వేస్తుంది, అది ఇంకా ఇంకా రాలుతుంది.

రంగు నిలబడకపోవడమనేది ఎల్లారావు ఎరిగిన విషయమే. రాత్రి అన్నం తింటూ ఆలోచించాడు, పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఆలోచించాడు. నున్నటి రేకు మీద, జిడ్డు రేకు మీద ఏ కంపెనీ రంగైనా నిలవదు. ముందు నీళ్ళు పోసి వాటర్ పేపరుతో రుద్ది గరుకు పెట్టుకోవాలి.

“వాటర్ పేపరు కొట్టాల,” అన్నాడు.

“రెప్పకా? నీ బుర్రకి కొట్టాల.”

అంది గానీ, శుక్రవారం సాయంత్రం గిన్నెలో శెనగపిండీ పంచదారా కలిపి ఇచ్చింది, మెల్లిగా రుద్దుకోమని. మెల్లిగా అన్న మాట షెడ్డులో పనికిరాదు. రేకు మీద నీళ్ళు పోస్తూ, వేలితో తడిమి చూస్తూ, వేలికి గరుకు తగిలేదాకా రుద్దడమే ఎల్లారావుకి తెలిసిన పని. పెరట్లో చెంబు పెట్టుకుని అలాగే రుద్దాడు. గంగ వచ్చి చూసేసరికి రెండు రెప్పలూ పండిన టమాటాల్లా ఉబ్బి, ఆ మధ్య సందుల్లోంచి కన్నీళ్ళు కారుతున్నాయి.

ఆమె గిన్నె లాక్కుంది. తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేక, పాలలో దూది తడిపి తెచ్చి కళ్ళ మీద వేసింది.

*

ఊరంతా కళ్ళకలకలు తిరుగుతున్న రోజులవి. బస్సుల్లో సగం మంది నల్లద్దాలతో కనిపిస్తున్నారు. అలాంటప్పుడు ఎర్రటి కళ్ళతో షెడ్డులో అడుగు పెడితే ఏమవుతుందో అదే అయింది. తలో మూలకీ జరిగిపోయారు.

టింకరింగ్ చేసే శ్రీరామ్మూర్తి మాత్రం దూరం నుంచే మెడ సాచి చూశాడు. “ఏటి బావా, కంటి మూల నీలంగుంది. ఈ ఏడు కలక రంగుల్లో ఒచ్చిందేటి.”

షెడ్డంతా నవ్వింది. ఎల్లారావు భుజం మీది గుడ్డతో తుడుచుకున్నాడు. కలక కాదని చెప్పొచ్చు. ఏమిటో కూడా చెప్పాల్సి వస్తుంది. ఊరుకున్నాడు.

పెయింటింగ్ మేస్త్రి కరీం బాషా పాతపోస్టాఫీసు వైపు నుంచి వచ్చే మనిషి, నెమ్మదస్తుడు. గన్ను ముట్టుకోవద్దని, థిన్నరు ఆవిరి తగిలితే కళ్ళు పోతాయని చెప్పి, దూరంగా పాత టైరు మీద కూర్చోమన్నాడు. ఆ వేళ మేస్త్రి చేతిలో ఒక జీపు ఉంది. ఎవరో షోకుగా మెటాలిక్ నీలం కావాలన్నారు.

ఎల్లారావు టైరు మీద కూర్చుని చూశాడు. చేతిలో పని ఉన్నప్పుడు కళ్ళు చేతి వెంటే పోతాయి; ఊరికే కూర్చుని ఆ పనిని చూడడం అతనికి అదే మొదలు. కంటి నిండా నీరుండడంతో షెడ్డంతా అద్దం వెనకాల జరుగుతున్నట్టుంది. రేకుల సందుల్లోంచి వాన వెలుతురు దిగుతోంది. కంప్రెసరు గుక్క పట్టినట్టు మోగుతోంది. మేస్త్రి మొహానికి గుడ్డ కట్టుకుని బానెట్టు మీద ముందు నలుపు కొట్టాడు. అచ్చమైన నలుపు. కాసేపాగి, మునివేలితో ఓ మూల తాకి చూసి, అప్పుడు నీలం గన్ను అందుకున్నాడు. పొగమంచులా పోయి పడింది రంగు. పడీ పడడంతోనే నలుపు ఎటో వెళ్ళిపోయింది. ఏ మెరుపుకి ఆ మెరుపు విడిగా, వెన్నెల్లో చేప పొలుసుల్లా లేచింది.

లెక్కలేనన్ని బళ్ళకి తానూ అలాగే కొట్టాడు. మెటాలిక్ ముదురు రంగుకి అడుగున నలుపు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

“బాషా బాయ్, తెల్ల ప్రైమరు మీద కొడితే ఏటవుతాది దీనికి.”

కరీం బాషా గుడ్డ కిందికి లాక్కున్నాడు. “కొడితే కొట్టొచ్చు. ప్లాస్టిక్ బకెట్టులాగ ఉంటది. ఈ రంగుకి దాని మెరుపు దానికే ఉంది కదా. కింద తెలుపుంటే రెండూ కొట్టుకుంటాయి. నలుపు ఏసినావనుకో, ఇంక మెరుపొక్కటే మిగుల్తది. బస్.” మళ్ళీ గుడ్డ ఎక్కించుకుంటూ, “ఎన్నాళ్ళైంది నువ్వు చేరి, ఇయ్యాల అడుగుతన్నావా,” అని నవ్వాడు.

ఎల్లారావుకి బానెట్టు మీద ఓ పెద్ద రెప్ప కనిపిస్తోంది.

*

షెడ్డులో పుట్టిన మాట సాయంత్రానికి కుళాయి దగ్గరికి చేరింది. ఆదివారం పొద్దున్నే ఆదిలక్ష్మమ్మ వచ్చి గుమ్మానికి అల్లంత దూరంలో నిలబడి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుంది. మంగళవారం చిట్టెమ్మ రాదు, పిల్లకి పరీక్షలున్నాయి అంది. ఆషాఢంలో ఏం పరీక్షలని గంగ అడగలేదు. కళ్ళకలక కాదు పిన్నీ, నా మొగుడి రెప్పలకి నేనే రంగు వేసి చూస్తున్నాను, దానికోసం రుద్దితే వాచింది అని ఉన్నదున్నట్టు చెప్పింది. ముసలామె అంతా విని, లోపల కూర్చున్న ఎల్లారావు మీసం వంక ఓసారి చూసింది. మీసమున్న మగాడు కంటికి రంగు వేయించుకున్నాడనడం కంటే కళ్ళకలకే ఆమెకి నమ్మబుద్ధయింది.

“తగ్గినాక సూద్దారిలే,” అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాటాక గంగ చేట ముందేసుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతోంది. ఎల్లారావు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వాపు తగ్గింది. కాస్త ఎరుపు మిగిలి ఉంది.

“కాటుక డబ్బీ ఏది,” అన్నాడు.

“ఎందుకు.”

“రెప్పకి ముందు కాటుక పుయ్యి. పల్సగ. దాని మీద నీలం.”

“దెయ్యంలాగుంటాది.”

“పుయ్యే.”

“పూసి ఎవలకి సూపిత్తాను?” ఆమె గొంతు పెరగలేదు. బియ్యంలోంచి రాయి తీసి గుమ్మం బయటికి విసిరింది. “మంగలారం ఉట్టి సేతుల్తో ఎల్లి, మడిసి దొరకలేదండీ అనాల. ఆవిడ మంచిది, సర్లే అంటాది. నాను పీట మీద కూకోవాల. ఈ జన్మకి అంతే.”

ఎల్లారావు వీపు గోడకి ఆనించి, మొహం పైకెత్తి, నిద్దరోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. అలాగే కూర్చున్నాడు. చేటలో బియ్యం చప్పుడు కొంతసేపు వినిపించింది. తర్వాత ఆగింది. గూట్లో డబ్బీ మూత తీసిన చప్పుడైంది.

కాటుక చల్లగా తగిలింది. వెంటనే బ్రష్షు అందుకుంటూంటే ఆగమన్నాడు. తాకితే అంటీ అంటనట్టు ఉండాలి, అప్పుడు వెయ్యాలి. ఆగింది. అయినా బ్రష్షు తిప్పగానే నలుపూ నీలమూ కలిసిపోయి బురదైంది. తుడిచి మళ్ళీ వేసింది. మళ్ళీ బురదే. అతనికి తెలిసిన విద్య అక్కడితో అయిపోయింది. గన్ను రేకుని తాకదు. బ్రష్షు తాకకుండా ఎలా వేస్తుంది?

గంగ బ్రష్షు కింద పెట్టేసినట్టు తెలిసింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత వేలు తగిలింది, ఉంగరం వేలు. రుద్దలేదు, జరపలేదు. పసిపిల్ల నుదుట బొట్టు పెట్టినట్టు అద్దింది, తీసింది. పక్కన అద్దింది, తీసింది. కంటి లోపలి కొస నుంచి బయటి కొస దాకా, అద్దుతూ తీస్తూ, చినుకులు నడిచినట్టు నడిచింది ఆ వేలు. మడమల పగుళ్ళు తోమి తోమి గరుకెక్కిన వేలే అది. ఆ గరుకులో పొడి ఇమిడి, తీసుకెళ్ళిన చోట దిగుతోంది.

ఆమె ఊపిరి ఆగిపోయింది. ఎంతకీ మళ్ళీ తగల్లేదు.

“ఏటైనాది,” అన్నాడు.

“మాటాడకు.”

రెండో కన్ను కూడా అయ్యాక చెయ్యి పట్టుకుని లేపి, అరుగుకి కట్టిన దుప్పటి తొలగించి వాకిట్లోకి తీసుకొచ్చింది. వీధిలో ఎవరున్నారో చూసుకోలేదు. పొద్దువాలుతోంది. స్టీల్‌ప్లాంటు వైపు కొలిమిలోంచి కరిగిన చిట్టెం పోసినట్టున్నారు, అటు ఆకాశం అడుగు నుంచి ఎర్రబడుతోంది. ఆ వెలుతురులో అతన్ని నిలబెట్టి, రెప్పలు దించమని, ఎత్తమని, మళ్ళీ దించమని అడిగింది. ఒక కన్ను మూసి రెండో కంటితో చేతద్దంలోకి చూశాడు ఎల్లారావు. తన నల్లటి మొహంలో, తన రెప్ప మీద, నీలం ఊపిరి తీస్తోంది. కదిపితే ఆకుపచ్చగా, నిలిపితే నీలంగా, ఎప్పుడో చిన్నప్పుడు భీమిలి దగ్గర పడవ అంచు మీంచి చూసిన లోతు నీళ్ళలా. అది తన మొహమేనని నమ్మడానికి మీసం తడుముకోవలసి వచ్చింది.

“మంగలారం నానొత్తాను,” అన్నాడు.

“తలుపు మీద ఏటి రాసుందో సదవలేదేటి.”

“సదివినాను. కళ్ళు మూసుకొని వొత్తాను. నువ్వు తీసుకెల్లు.”

గంగ నవ్వలేదు. అతని రెప్పల వంకే చూస్తూ ఉండిపోయింది.

*

మంగళవారం ఎల్లారావు షెడ్డుకి సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బట్టల కొట్టు ముందు చెప్పులు విడిచి, గంగ వెనకాల మెట్లెక్కాడు. అద్దం తలుపు తీసిన ఆశాజ్యోతి చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

“ఏంటి గంగా ఇది?”

“ఎవరినైనా ఒకరిని తీసుకురమ్మన్నారు కదండీ మేడం.”

“ఎవరినైనా అంటే...” ఆశాజ్యోతి లోపలికి ఓసారి, బయటికి ఓసారి చూసి గొంతు తగ్గించింది. కస్టమర్లున్నారు, ఇవాళ వద్దు, ఇంకో రోజు ఎవరైనా ఆడపిల్ల దొరికితే చూద్దాం అంది. కోపంగా అనలేదు. ఆ నెమ్మదితనాన్ని ఎల్లారావు గుర్తుపట్టాడు. ఇంకో రోజు అనేది ఎప్పటికీ రాదని ముగ్గురికీ తెలుసు. గంగ గుమ్మంలోంచి కదల్లేదు. పక్కకీ తప్పుకోలేదు.

లోపల కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది, పక్కన తల్లి నిలబడి ఉంది. తల్లి పేరు తాయారు, భర్తకి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. కూతురు చంద్రికకి శ్రావణంలో పెళ్ళి. నెమలికంఠం రంగు పట్టుచీర కొన్నారు, కళ్ళకి అదే రంగు వేసి చూపించమని వచ్చారు. అప్పటికి వేసి చూపించడం అయింది. తాయారు మొహం చూస్తేనే తెలుస్తోంది ఎలా అయిందో. చంద్రికది ఎల్లారావు ఛాయే. పెద్ద కళ్ళు. వాటి మీద రెప్పలు మాత్రం ఎవరో ముగ్గుపిండి చల్లినట్టున్నాయి. ఆ పిల్ల అద్దంలోకి కాక తన గోళ్ళ వంక చూసుకుంటోంది.

ఏమిటి గొడవని తాయారు అడిగింది. మొగుడి కళ్ళకి రంగు వేసి చూపిస్తుందటండీ అని ఆశాజ్యోతి సిగ్గుపడుతూ చెప్పింది. తాయారు పైట సర్దుకుని, ఎల్లారావుని నఖశిఖపర్యంతం చూసింది.

“ఈయన నలుపే కదా,” అంది ఆలోచిస్తూ. “ఈయన మీద నిలబడితే మా పిల్ల మీదా నిలబడుద్ది. కూర్చోనివ్వండి ఆశాజ్యోతిగారూ. ఇక్కడున్నంతసేపూ కళ్ళు మాత్రం తెరవకూడదు, అంతే.”

ఎల్లారావు గుమ్మంలోనే కళ్ళు మూసుకున్నాడు. గంగ అతని చెయ్యి పట్టుకుంది. నేల మీద చల్లటి టైల్సు, గాలిలో కోల్డ్‌క్రీము వాసన, తడి తువ్వాళ్ళ వాసన. మోకాలికి ఏదో తగిలింది, దాన్ని ఎవరో జరిపారు. కుర్చీ మెత్తగా కుంగి అతన్ని తనలోకి తీసుకుంది. పైన లైటు వెలిగింది. వెచ్చదనం మొహం మీద పడింది, చీకటి ఎర్రబడింది.

కాటుక చల్లగా పాకింది. “అదేంటి, నలుపు పూస్తోంది,” అంది తాయారు. కాటుక పాకుతూనే ఉంది. ఆ తర్వాత అంతా ఆగింది. ఆరడానికి ఆగుతోందని ఎల్లారావుకి తెలుసు, మిగతావాళ్ళకి తెలీదు. ఆ నిశ్శబ్దంలో చేతకాక ఆగిపోయిందనే అనుకుంటారు. ఎవరో గాజులు సర్దుకున్నారు. ఎవరో చిన్నగా దగ్గారు. కింద రోడ్డు మీద గాజువాక జంక్షన్ అంతా ఒకే హారనై మోగుతోంది, అదీ ఎక్కడో నీళ్ళ కింద మోగినట్టుంది. కాస్త ముందే చెయ్యి వేస్తే బురద. కాస్త ఆలస్యమైతే అంటదు. ఇప్పుడు చెప్పాలా, ఇప్పుడా అని అతని నోటి దాకా వచ్చింది. బిగబట్టాడు. అది తన పని కాదు.

వేలు దిగింది. అద్దింది, తీసింది.

ఎంతసేపో తెలీదు. కల చివర్లో ఎవరో పిలిస్తే వినీ విననట్టు ఉంటుందే, అలాంటి చోట తేలుతున్నాడు ఎల్లారావు. వేలు రెండో రెప్ప కొసకి చేరి ఆగింది. ఇక రాలేదు. అడుగులు దగ్గరికొచ్చాయి, గంగవి కావు. పరాయి వేళ్ళు రెండు, చల్లనివి, అతని గడ్డం కింద పెట్టి మొహాన్ని అటు తిప్పాయి, ఇటు తిప్పాయి, లైటుకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాయి. చాలాసేపు పట్టుకున్నాయి.

“కాటుకేనా,” అంది ఆశాజ్యోతి.

“కాటుకేనండి. పల్సగా.”

“రాలలేదు.”

“రుద్దలేదండి. అద్దాను.”

వేళ్ళు గడ్డాన్ని వదిలేశాయి. తాయారు ఏదో అనబోతుంటే ఆశాజ్యోతి అందుకుంది. మాట నిదానంగా, ఒక్కొక్కటే వచ్చింది. “చెప్పడం నా ధర్మం తాయారుగారూ. ఈ అమ్మాయి మా దగ్గర కాళ్ళ పని చేస్తుంది.”

ఫ్యాను తిరుగుతోంది. ఎల్లారావు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. తెరిస్తే చాలు, ఎవరి మొహంలో ఏముందో తెలిసిపోతుంది. రెప్పలు వణికాయి. తెరవలేదు.

“అమ్మా,” అంది ఓ గొంతు. అప్పటిదాకా వినపడని గొంతు, ఆ పిల్లదే. “నావి కడిగేసుకుని వస్తాను. నాకూ అలాగే వేయించు.”

తాయారు గాజుల చప్పుడు పక్కకి జరిగి దారిచ్చింది. పంపు చప్పుడైంది, ఆగింది. పక్క కుర్చీ కిర్రుమంది. తువ్వాలు విదిలించిన చప్పుడు. గంగ అడుగులు తన కుర్చీ దగ్గర్నుంచి అటు వెళ్ళాయి.

“కళ్ళు మూసుకోండమ్మా. బిగించకండి. నిద్రపోతున్నట్టు.”

తనతో అన్న మాటలే. గొంతే వేరు. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు. పనిలో ఉన్న మేస్త్రికి ఉండే గొంతు.

కాసేపాగి అదే గొంతు మళ్ళీ అంది, తలెత్తకుండా అన్నట్టు, “మేడం, ఆ లైటు కొంచెం ఇటు తిప్పండి.”

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత ఆశాజ్యోతి అడుగులు కదిలాయి, లైటు స్టాండు నేల మీద జరిగింది. రెప్పల మీది వెచ్చటి ఎరుపు చెంప మీదికి దిగింది, భుజం మీదికి దిగింది, పక్క కుర్చీ వైపు వెళ్ళిపోయింది. అతని కళ్ళ ముందు నిండుగా, మెత్తగా చీకటి పరుచుకుంది.

ఇక లేవొచ్చని ఎవరూ చెప్పలేదు. చెప్పడం ఎవరికీ గుర్తులేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిద్దరోతున్నట్టు కళ్ళు మూసుకుని, ఎల్లారావు అలాగే కూర్చున్నాడు.